ఆన్‌లైన్‌లో జానపద సంగీతం: ఆరేళ్లు విన్నాక

సంప్రదాయ జానపద సంగీతాన్ని ఆన్‌లైన్‌లో వెతుక్కుని వినడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. మొదటి ఏడాదంతా డబ్బు కట్టి వాడే ఒక స్ట్రీమింగ్ యాప్‌తోనే గడిచింది. అందులో పాటలకు కొదవ లేదు, ధ్వని కూడా శుభ్రంగా ఉంటుంది. అయితే పాడినవారెవరు, ఏ ఊళ్లో పాడారు, ఎవరు, ఎప్పుడు రికార్డు చేశారు అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకదు. రచయిత పేరు ఉండవలసిన చోట ‘సంప్రదాయం’ అన్న ఒక్క మాట కనిపిస్తుంది. భాష తెలియని ఒక పాటను జోలపాట అనుకుని నెలల తరబడి విన్నాను. తర్వాత అదే రికార్డింగ్ ఒక ధ్వని సంగ్రహంలో వివరాలతో సహా దొరికినప్పుడు, అది చనిపోయిన బిడ్డ మీద తల్లి పెట్టిన శోకమని తెలిసింది. ఆ తర్వాత ఆ పాటను మునుపటిలా వినలేకపోయాను.

అప్పటినుంచి పాటకన్నా ముందు దాని వివరాలు వెతకడం అలవాటైంది. ఈ విషయంలో నాకు బాగా ఉపయోగపడిన రికార్డుల సంస్థ స్మిత్సోనియన్ ఫోక్‌వేస్. 1948లో న్యూయార్క్‌లో మోజెస్ ఆష్ స్థాపించిన ఫోక్‌వేస్, 1986లో ఆయన కన్నుమూసేనాటికి రెండు వేలకు పైగా ఆల్బమ్‌లు వెలువరించింది. మరుసటి ఏడాది అమెరికా జాతీయ మ్యూజియాల సంస్థ స్మిత్సోనియన్ దాన్ని తీసుకున్నప్పుడు, కొనేవారు ఎంత తక్కువైనా ఏ ఆల్బమ్‌నూ అందుబాటులోంచి తొలగించకూడదన్న షరతుకు ఒప్పుకుంది. పాటలు పూర్తిగా వినాలంటే కొనుక్కోవాలి, లేదా స్ట్రీమింగ్‌లో వినాలి. ఆల్బమ్‌తో పాటు వేసిన చిన్న పుస్తకాలను మాత్రం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆ పుస్తకాన్ని ఎదురుగా తెరిచిపెట్టుకుని యాప్‌లో పాట వినడమే ఇప్పుడు నా పద్ధతి.

అయితే మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది లోమాక్స్ డిజిటల్ ఆర్కైవ్. అమెరికా జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ 1946 తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, కరీబియన్ దీవుల్లో, స్కాట్లండ్, ఐర్లండ్, స్పెయిన్, ఇటలీల్లో తిరిగి చేసిన రికార్డింగుల్లో సుమారు 17,000 ఫైళ్లను 2012లో ఉచితంగా వినిపించడం మొదలుపెట్టారు. అక్కడ పాటలు ఏ చోట, ఏ రోజున రికార్డయ్యాయన్న వరుసలో ఉంటాయి కాబట్టి, ఒక సాయంత్రం ఒకే ఇంట్లో పాడినవన్నీ వెంట వెంట వినవచ్చు. ఆల్బమ్‌గా వేసేటప్పుడు కత్తిరించేసే సంగతులన్నీ ఇందులో మిగిలి ఉన్నాయి: చరణం మరిచిపోయి మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవడం, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పడం, పక్కనున్నవాళ్లు మాట అందించడం. ఒక పాట ఎలా బతికి వచ్చిందో ఈ ముక్కలు విన్నాకే నాకు అర్థమైంది.

వెతుకులాట మాత్రం ఎక్కడైనా కష్టమే. జానపద గీతానికి స్థిరమైన పేరు ఉండదు. పాడేవారు మారితే పల్లవి మారుతుంది, రాసుకున్నవారు మారితే వర్ణక్రమం మారుతుంది. ఇంగ్లిష్ పాటల వరకు ఈ చిక్కును స్టీవ్ రౌడ్ తయారుచేసిన సూచిక తీరుస్తుంది. ఆయన ఒక పాట పాఠాంతరాలన్నిటికీ ఒకే సంఖ్య ఇచ్చారు. ఉదాహరణకు, బార్బరా అనే యువతి కథ చెప్పే ‘బార్బరా అలెన్’ పాట సంఖ్య 54. పాడినవారు ఆమెను ‘ఎలెన్’ అన్నా, ‘బార్బ్రీ’ అన్నా ఆ సంఖ్యతో అన్నీ ఒక్కచోటికి వస్తాయి. మిగతా భాషల పాటలకు ఇంత సౌకర్యం నాకు దొరకలేదు కాబట్టి, సేకర్త పేరు, ప్రాంతం, వాద్యం పేరు ఈ మూడింటితో వెతుకుతాను. పాట పేరుతో వెతకడం దాదాపు మానేశాను.

ధ్వని నాణ్యత గురించి ఒక మాట. తొలినాళ్లలో ధ్వనిని నమోదు చేయడానికి వాడిన మైనపు సిలిండర్ల రికార్డింగుల్లో బరబర శబ్దం పాటకన్నా ముందు వినిపిస్తుంది. పైగా ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు నిమిషాలకు మించి పట్టదు కాబట్టి పాట మధ్యలోనే తెగిపోతుంది. ఈ శబ్దాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడి చూశాను. శబ్దంతో పాటు గొంతులోని జీర కూడా పోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ధ్వని తగ్గించి, రెండోసారి వింటే చెవి దానంతటదే సర్దుకుంటుంది.

వినడానికి దొరికినదల్లా నాదే అనుకునే అలవాటును కూడా ఈ సిలిండర్లే మాన్పించాయి. 1890లో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమాక్వాడీ అనే ఆదివాసీ ప్రజల పాటలను సిలిండర్ల మీద రికార్డు చేశారు. క్షేత్రానికి వెళ్లి చేసిన తొలి రికార్డింగులు అవే. ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని ఆ ప్రజల సమ్మతితో, వారు తమ భాషలో రాసుకున్న గుర్తులతో వినిపిస్తోంది. ఆ గుర్తుల్లో ఒకదానికి ‘ఇది అమ్మకానికి కాదు’ అని అర్థం. కొన్ని పాటలు బయటివారి కోసం కావన్నది వారి నిర్ణయం, అది న్యాయమని నా అభిప్రాయం.

చివరగా, ఆన్‌లైన్‌లో ఉన్నది ఎప్పటికీ ఉంటుందని నమ్మకండి. నేను తరచూ వినే ఒక పెద్ద సంగ్రహం ఒక రోజు ఆగిపోయి, చాలా నెలలు తెరుచుకోలేదు. లంకెలు మాత్రమే దాచుకున్న పాటలు మళ్లీ వెతకడానికి ఆధారం లేకపోయింది. ఇప్పుడు ప్రతి పాటకూ పాడినవారి పేరు, ఊరు, తేదీ, సేకర్త పేరు, సంగ్రహం ఇచ్చిన సంఖ్య ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను; అనుమతి ఉన్నవాటిని దించి పెట్టుకుంటున్నాను.