సికింద్రాబాద్ రాణిగంజ్‌లో యాక్సిలరేటర్ కేబుల్ కొనబోయేవారు ఇది చదివి వెళ్లండి

పాత మారుతి 800 నడిపేవారికి ఆ దుకాణాన్ని పరిచయం చేయనక్కరలేదు; కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉన్న బండ్ల సామాను ఇంకా దొరుకుతుందని మనం ఒకరికొకరం చెప్పుకొని పంపించే, సందు లోపలి దుకాణమే అది. పేరు రాయను, తెలిసినవారికి తెలుస్తుంది. నా 1996 మోడల్ బండిలో పెడల్‌ను కార్బురేటర్‌కు కలిపే యాక్సిలరేటర్ కేబుల్ కార్బురేటర్ వైపు చివర పోగులు పోగులుగా విడిపోవడంతో, ‘కంపెనీ మాలే సార్, కళ్లు మూసుకొని తీసుకోండి’ అన్న మాట నమ్మి 250 రూపాయలకు కొత్తది తెచ్చి బిగించుకున్నాను. నిజంగానే కళ్లు మూసుకొని తీసుకున్నట్టున్నాను. కంపెనీ విడిభాగాల కౌంటరులో అయితే ధర ఎక్కువ, పైగా ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. ఇక్కడ మిగుల్చుకున్న సొమ్ముతో మేడ కట్టాలనుకున్నాను కాబోలు.

నెల తిరగకుండానే, బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతుండగా పెడల్ మీది నుంచి కాలు తీసినా ఇంజను వేగం తగ్గలేదు. క్లచ్ తొక్కితే ఇంజను ఇంకా గట్టిగా అరిచింది. స్టీరింగ్ లాక్ పడకుండా తాళంచెవిని ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి తిప్పి ఇంజను ఆపి, వెనుక వస్తున్న బస్సు హారన్ల మధ్య బండిని పక్కకు లాగగలిగాను.

మెకానిక్ కేబుల్ విప్పాక సంగతి బయటపడింది. నా పాత కేబుల్ తొడుగు లోపల సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంది, తీగ దానిలో నునుపుగా జారేది. కొత్తదానిలో ఆ గొట్టమే లేదు. తొడుగును కోసిన చోట అంచును నున్నగా రుద్దకుండా, చివర టోపీ కూడా తొడగకుండా వదిలేయడంతో ఆ పదునుకు తీగ పోగులు ఒక్కొక్కటే తెగి, తెగినవి వెనక్కి మడతపడి తొడుగు నోట్లోనే గుచ్చుకోవడం వల్ల, కార్బురేటర్ మీది స్ప్రింగు ఎంత లాగినా థ్రాటిల్ (ఇంజనులోకి వెళ్లే గాలి దారిని తెరిచి మూసే పలక) మూతపడలేదు.

దుకాణానికి తీసుకువెళ్లి చూపించాను. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘పెట్టి పోండి, కంపెనీకి పంపిస్తాం’ అన్నాడు. డబ్బు సంగతేమిటని అడిగితే, ‘బిగించిన మాల్ వాపసు లేదు సార్. బండి మీద అంత ప్రేముంటే షోరూముకు పోవాలె గానీ, మా దగ్గరికెందుకొస్తరు?’ అని పక్కన నిలబడిన ఇద్దరు కుర్రవాళ్ల వైపు చూసి నవ్వాడు. అది కూడా భరించాను. కానీ నేనింకా కౌంటరు ముందు నిలబడి ఉండగానే, పనిలో ఉన్న పిల్లవాడు ఆ కేబుల్ అందుకొని, బయటికి పొడుచుకొచ్చిన పోగులను కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, గుడ్డతో గ్రీజు తుడిచి, కొత్త ప్లాస్టిక్ కవరులో వేసి, వెనుక కొక్కేనికున్న మిగతా కేబుళ్ల మధ్య తగిలించాడు! నన్ను ఫ్లైఓవర్ మీద చంపబోయిన వస్తువును నా కళ్లెదుటే ఇంకొకరి కోసం సిద్ధం చేస్తున్నారు. ఇదేమిటని గట్టిగా అడిగితే, ‘మీ సామాన్ మీరు ఇచ్చేసిన్రు, ఇక మాది’ అని సమాధానం వచ్చింది. తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేద్దామంటే, నా చేతిలో ఉన్నది దుకాణం పేరు కూడా లేని కచ్చా చీటీ. ఆ సంగతి నాకంటే ముందు ఆయనకే తెలుసు.

అక్కడే కొనక తప్పదనుకునేవారు పాత కేబుల్ వెంట తీసుకువెళ్లి, రెండింటినీ పక్కపక్కన పెట్టి తొడుగు పొడవు, తీగ పొడవు, నిపుల్ (తీగ చివర ఉండే లోహపు గుండు) ఆకారం సరిచూసుకోండి. తీగను చేత్తో ముందుకూ వెనక్కూ లాగి ఎక్కడైనా గీరుకుంటోందేమో గమనించండి. పేరూ తేదీ ఉన్న బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి. బిగించాక ఇంజను ఆపి ఉంచి, ఇంకొకరిని పెడల్ పూర్తిగా తొక్కి వదలమని, థ్రాటిల్ వెంటనే మూతపడుతోందో లేదో బానెట్ కింద మీరే చూడండి. ఇక నా కేబుల్‌ను గుర్తుపట్టడం సులభం: బ్రాకెట్ దగ్గరి రెండు నట్లలో ఒకదాని అంచులు మా మెకానిక్ స్పానర్ జారి అరిగిపోయి ఉన్నాయి, తీగ చివర పోగులు కొత్తగా కత్తిరించినట్టు పొట్టిగా ఉంటాయి. కవరు ఎంత మెరుస్తున్నా విప్పించి చూడండి.