మెడకాయతో ఫార్మ్ స్టే: రెండు రాత్రులు, ఒక తోక

రూమ్ బుక్ చేసేటప్పుడు ఇద్దరు పెద్దలు, ఒక పాప అని రాశాం. నాలుగో శాల్తీ సంగతి చెప్పలేదు. అది మా పాప గుడ్డ జిరాఫీ. నాలుగేళ్లుగా చంకలో నలిగి నలిగి మెడలోని దూదంతా కిందికి దిగిపోయింది, తల ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. మెడకాయ మీద తలకాయ నిలవదు కాబట్టి మా ఆయన దానికి 'మెడకాయ' అని పేరు పెట్టారు.

ఫార్మ్‌ను నడిపేది ఒక కుటుంబం. పెద్దావిడ, కొడుకు, కోడలు, అంతే. గేటు దగ్గర పెద్దావిడ మమ్మల్ని పలకరించడానికి ముందే మెడకాయను చూసి, "ఈయనగారికి మేత ఏం వేయాలి?" అని అడిగింది. కొత్తవాళ్ల దగ్గర నోరు విప్పని మా పాప, "ఆకులు. చెట్టు మీదవి మాత్రమే" అంది. నేను వేసే మార్కుల్లో సగం ఆ ప్రశ్నకే పడిపోయాయి.

అక్కణ్ణుంచి టూరంతా మెడకాయదే, మేం వెనక నడిచాం. కొట్టంలో పెద్దావిడ ఒక ఆవు పై పెదవి ఎత్తి చూపించింది. పైన ముందు పళ్లే లేవు! గట్టి చిగుళ్లు ఉన్నాయి, కింది పళ్లను వాటికి ఆనించి గడ్డి తెంపుతుంది. మేకకూ అంతే, జిరాఫీకీ అంతే. మూడూ నెమరు వేసేవే, మూడింటి పొట్టలోనూ నాలుగు అరలే. "అయితే మీవాడు మావాళ్లకు చుట్టమే" అని తేల్చేసిందావిడ. జిరాఫీ మెడలో ఎముకలు ఏడేననీ, మనకూ ఏడేననీ మా ఆయన అందుకున్నారు. పాప తన మెడ తడుముకుని, మెడకాయ మెడ తడిమి చూసింది. అందులో ఒక్కటీ లేదు పాపం.

దూడను ముట్టుకోవడానికి పాపకు భయం. ముందు మెడకాయ మొహాన్ని చాచింది. దూడ వాసన చూసి, గరుకు నాలుకతో మొహమంతా నాకేసింది. రెండోసారి పాప చెయ్యి చాచింది. మేం ఎంత నచ్చజెప్పినా జరగని పని ఇది.

ఇక మేకల సంగతి. మేక కంటిపాప అడ్డంగా, పలకలా ఉంటుంది. తల తిప్పకుండానే దాదాపు వెనక దాకా కనిపిస్తుంది దానికి. మాకది తెలియక, వెనక నుంచి పోతే చూడదులే అనుకున్నాం. చటుక్కున తిరిగి మెడకాయ తోక లాక్కుంది. పాప ఏడుపు అందుకుంది. కొడుకు పరుగున వచ్చి, మేక నోట్లో వేళ్లు పెట్టి తోకను బయటికి లాగి, నా చేతిలో పెట్టి, "మీ బొమ్మ కంటే నాకు మేక టెన్షన్ అండీ. గుడ్డ, దారం పొట్టలో చిక్కుకుంటే దాని ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు. చివుక్కుమన్నా అతను అన్నది సబబే. కాకపోతే ఆ మాట దొడ్డిలోకి వెళ్లకముందే చెప్పి ఉండాల్సింది. పిల్లలు బొమ్మలతో వస్తారని తెలియని విషయమా?

కోళ్ల దగ్గర హాయిగా గడిచింది. అవి దుమ్ములో పొర్లుతుంటే మెడకాయ కూడా పొర్లింది. ఒంటిమీది పురుగు వదిలించుకోవడానికి కోళ్లు చేసే స్నానమట అది. మెడకాయకు మాత్రం ఆ తర్వాత అసలు స్నానం కావాల్సి వచ్చింది.

రూమ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శుభ్రంగా ఉంది, ఇరుకు. కొట్టం పక్కనే కాబట్టి పేడ వాసన తప్పదు. కోడి తెల్లవారక ముందే లేపేస్తుంది. పాలు పితకడం చూపిస్తామన్న వేళకు రెండు రోజులూ చూపించలేదు. ప్రతి దొడ్డి బయటా కుళాయి, సబ్బు ఉన్నాయి. చేతులు కడిగితే గానీ భోజనానికి రానివ్వరు, ఇది బాగా నచ్చింది.

చిక్కల్లా రాత్రి. దూడ నాకిన, దుమ్ములో పొర్లిన బొమ్మను పక్కలోకి ఎలా రానివ్వను? సబ్బు నీళ్లతో ఉతికాను. దూది ఒక పూటలో ఆరుతుందా! తడి మెడకాయ దండెం మీద, పాప కిటికీ దగ్గర, నిద్ర ఎవరికీ లేదు. అర్ధరాత్రి దాటాక కోడలు టేబుల్ ఫ్యాన్ తెచ్చి, బొమ్మను పొడి తువ్వాలులో చుట్టి పిండి, గాలికి పెట్టి వెళ్లింది. అడగకుండానే. వెళ్లేవాళ్లు పొద్దున్నే జంతువుల దగ్గర తిరిగేసి, మధ్యాహ్నానికల్లా బొమ్మను ఉతికేయండి.

బయల్దేరేటప్పుడు పెద్దావిడ సూది, దారం పట్టుకొచ్చింది, తోక కుడతానని. పాప ఒప్పుకోలేదు. "మేక తినేసింది కదా, ఇంకెక్కడుంది?" అంది. అదే కథ ఇప్పటికీ అందరికీ చెబుతోంది. తోక నా బ్యాగు జేబులోనే ఉంది.