‘దూర ప్రయాణానికి సిద్ధం’ అని అమ్మే పాత ఎయిర్‌కూల్డ్ బండ్లతో జాగ్రత్త

పాత వోక్స్‌వ్యాగన్ వ్యాను గానీ బీటిల్ గానీ కొని వేల కిలోమీటర్లు తిరిగి రావాలని అనుకుంటున్నవారు బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. ఇంజిన్ పూర్తిగా విప్పి కొత్తగా కట్టించామని, తాళం తిప్పి బయలుదేరడమే తరువాయి అని చెప్పి నాకు అమ్మిన వ్యాను మొదటి పెద్ద ఘాట్ రోడ్డులోనే చేతులెత్తేసింది. విప్పి చూస్తే అందులో చెడిపోయిన భాగాలకన్నా అసలు లేని భాగాలే ఎక్కువ. ఎయిర్‌కూల్డ్ బండ్ల, అంటే ఇంజిన్‌ను నీటితో కాక గాలితో చల్లబరిచే బండ్ల విషయంలో మోసం ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. ఉన్నవాటిని మెరిపిస్తారు, లేనివాటి ఊసెత్తరు.

బండి 1971 మోడల్ వోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాను, 1600 సీసీ ఇంజిన్. అమ్మినది పాత కార్లు బాగుచేసి అమ్మడమే వృత్తిగా పెట్టుకున్న ఒక వ్యాపారి. పేరు రాయను, పద్ధతి రాస్తాను. చూడటానికి వెళ్లేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంది. “మీరు వస్తున్నారని ఒకసారి స్టార్ట్ చేశాం” అన్నారు. చదునైన రోడ్డు మీద కాసేపు తిప్పించారు. లాగుడు బాగుంది, గేర్లు మెత్తగా పడుతున్నాయి, పొగ లేదు. హైవే మీదకు తీసుకువెళదామంటే బీమా పేరు చెప్పి ఆపారు. ఇంజిన్ పని తాలూకు రసీదులని ఒక కట్ట చేతిలో పెట్టారు. తరువాత తీరిగ్గా చూస్తే వాటిలో పెయింటు, క్రోము పూత, సీటు కవర్లు, చక్రాల మూతలు ఉన్నాయి. బేరింగులు, పిస్టన్లు, వాల్వుల పేరుతో ఒక్క కాగితం లేదు.

సామాన్లతో ఘాట్ ఎక్కుతుండగా మొదట లాగుడు తగ్గింది. తరువాత ఒక సిలిండర్ పని మానేసినట్టు ఇంజిన్ కుంటింది. పక్కకు తీసి ఆపేలోపు లోపల ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు. మూడో సిలిండర్‌లో పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తల విరిగి పిస్టన్ మీద పడింది, పిస్టన్‌కు చిల్లు పడింది, ఆ ముక్కలు సిలిండర్‌ను మూసే హెడ్డును చెక్కేశాయి. ఈ ఇంజిన్లు తెలిసిన మెకానిక్ ఎవరినైనా “ఏ సిలిండర్ పోయి ఉంటుంది?” అని అడగండి, బండి చూడకుండానే మూడోది అంటారు. దానికి కారణం ఉంది.

రేడియేటర్ లేని ఇంజిన్‌లో వేడిని తీసుకుపోయేవి రెండే: ఫ్యాన్ విసిరే గాలి, లోపల తిరిగే రెండున్నర లీటర్ల ఆయిల్. ఫ్యాన్ గాలి తనంతట తాను సిలిండర్ల చుట్టూ తిరగదు. దాన్ని రేకులు మళ్లించాలి. ఇంజిన్ మీద కనిపించే పెద్ద ఫ్యాన్ రేకు లోపల గాలిని పంచే పలకలుంటాయి. సిలిండర్ల కింద చిన్న రేకులుంటాయి, అవి లేకపోతే గాలి పైభాగాన్ని తాకి కిందికి జారిపోతుంది. పాత డిజైన్‌లో ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ ఆ ఫ్యాన్ రేకు లోపలే, సరిగ్గా మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డంగా నిలబడి ఉండేది. కూలర్‌ను తాకి వేడెక్కిన గాలే ఆ సిలిండర్‌కు దిక్కు. 1971 మోడల్ నుంచి కంపెనీ ఆ కూలర్‌ను పక్కకు జరిపి, దానికి వేరే గాలి దారి ఇచ్చింది. ఫ్యాన్ రేకుకు ముందువైపు, అంటే ప్రయాణికుల వైపు, అదనంగా ఒక పెట్టెలాంటి భాగం కనిపిస్తే అది ఈ కొత్త ఏర్పాటే.

నా వ్యానుకు పుట్టుకతో ఆ ఏర్పాటు ఉండాలి. దాన్ని పీకేసి, బజారులో దొరికే చవక క్రోము రేకు బిగించారు. లోపల పలకలు లేవు. కూలర్ మళ్లీ పాత చోటికే వచ్చింది. హీటర్‌కు గాలిని పంపే గొట్టాలకు ఆ రేకులో రంధ్రాలే లేవు. హీటర్ ఏదని అడిగితే “ఇంజిన్ చూడటానికి శుభ్రంగా ఉండాలని తీసేశాం” అన్నారు. సిలిండర్ల కింది రేకులూ లేవు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ ఇంజిన్‌ను చూసే పుట్టిందేమో అనిపించింది.

ఇంకా ఉంది. ఇంజిన్ గది అంచు చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. పైన ఉన్న చల్లగాలినీ, కింద ఎగ్జాస్ట్ దగ్గరి వేడిగాలినీ వేరుచేసేది అదొక్కటే. అది ఎండి ఊడిపోతే ఫ్యాన్ తాను బయటికి నెట్టిన వేడిగాలినే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. ఊళ్లో తిరిగినంతసేపు ఈ తేడా తెలియదు. గంటసేపు ఆపకుండా నడిపితే తెలుస్తుంది. నా వ్యానులో ఆ సీలు జాడే లేదు, దాని చోట నల్ల పెయింటు మాత్రం నీటుగా వేసి ఉంది.

థర్మోస్టాట్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని తీసేయడాన్ని గొప్పగా చెప్పుకునే అమ్మకందారులున్నారు. ఈ ఇంజిన్లలో థర్మోస్టాట్ నీటిని కాదు, గాలిని అదుపు చేస్తుంది. కుడివైపు సిలిండర్ల కింద ఉండి, సుమారు 65 నుంచి 70 డిగ్రీల దగ్గర వ్యాకోచించి గాలి రెక్కలను తెరుస్తుంది. అది పాడైతే రెక్కలు తెరుచుకునే ఉంటాయి, కాబట్టి “అది చెడితే ఇంజిన్ కాలిపోతుంది, అందుకే ముందే తీసేశాం” అనే మాటలో పస లేదు. తీసేసిన ఇంజిన్ నెమ్మదిగా వేడెక్కుతుంది, రోజూ చల్లగా నడిచే ఆ కాసేపట్లో సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

మరి ఆ రోజు లాగుడు అంత బాగా ఎందుకుంది? నిప్పురవ్వ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైటు పెట్టి చూసి మెకానిక్ చెప్పాడు, పాత బండ్లలో ఇది తరచూ కనిపించే ఉపాయమట. సిలిండర్లకు నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త ముందుకు తిప్పి, నిప్పురవ్వ ముందుగా పడేలా చేస్తే తక్కువ వేగంలో బండి చురుగ్గా కదులుతుంది. కొనేవాడికి హుషారు వస్తుంది. ఈ ఇంజిన్లలో ఎక్కువ వేగం వద్ద మొత్తం అడ్వాన్సు, అంటే నిప్పురవ్వ ముందుగా పడే కోణం, 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి. అది దాటితే హెడ్డులో వేడి పెరుగుతుంది, బరువు లాగేటప్పుడు మరీ పెరుగుతుంది. నా వ్యానులో అది ఆ హద్దుకు చాలా ఎగువన ఉంది.

కాబట్టి చూడటానికి వెళ్లే ముందే ఫోనులో ఒక షరతు పెట్టండి: నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే కారణం ఏదైనా కానీయండి, చూడటం ఇంకో రోజుకు వాయిదా వేయండి. చల్లటి ఇంజిన్ మీద చేయాల్సిన పరీక్షలు రెండున్నాయి. వాల్వుకూ దాన్ని తెరిచే మీటకూ మధ్య ఉండే సందు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. 1600 ఇంజిన్‌కు 0.15 మిల్లీమీటర్లు. అన్నీ సరిగ్గా ఉండి మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు సందు మాత్రం బిగిసి ఉంటే ఆ వాల్వు సాగుతోందని అర్థం. సాగే వాల్వు ఏదో ఒక రోజు విరుగుతుంది. ఇక కిందనున్న పెద్ద పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా లాగండి, తిప్పవద్దు. ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్‌కు ఉండాల్సిన కదలిక 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్లు, అరుగుదల హద్దు 0.15. అంటే చేతికి దాదాపు ఏమీ తెలియకూడదు. టక్ టక్ మని తెలిసిందా, ఇంజిన్ అడుగు నుంచి పని అడుగుతోంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. “కొత్తగా కట్టించిన ఇంజిన్” అనే మాట నిజమో కాదో తేల్చడానికి ఇంతకన్నా సులువైనది లేదు. ఆ పరీక్ష చేయబోతే ముఖం మాడ్చుకునే అమ్మకందారు దగ్గర కొనవద్దు.

జనరేటర్ స్టాండు కింద ఇంజిన్ కేసు, అంటే దాని బయటి లోహపు డొల్ల మీద ఇంజిన్ నంబరు ఉంటుంది. అది కాగితాల్లో ఉన్నదానితో సరిపోతుందో చూడండి. అక్కడ గీకేసిన గుర్తులుంటే ఇక మాట్లాడేది లేదు.

ఆ తరువాత గంటకు తగ్గకుండా హైవే వేగంలో, వీలైతే ఒక ఎక్కుడుతో సహా, నడిపి చూడాలి. దీనికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపండి. పదిహేను నిమిషాల్లో ఈ ఇంజిన్ నిజం చెప్పదు. గంట తరువాత ఆపకుండా అలాగే ఐడిల్‌లో వదిలి ఆయిల్ లైటు చూడండి. వేడి మీద మినుకుమినుకుమంటే బేరింగులు వదులయ్యాయని గానీ ఆయిల్ మరీ పలచబడిందని గానీ అనుమానించాలి. చిక్కటి ఆయిల్ పోసి ఆ లైటును ఆర్పేవాళ్లూ ఉంటారు. ఏ ఆయిల్ పోశారో అడగండి. ఇంజిన్ ఆపేశాక మళ్లీ వెంటనే స్టార్ట్ కాకపోతే దానికి వంద కారణాలు చెబుతారు. వినండి గానీ డబ్బు జేబులోంచి తీయకండి.

ప్రాణాల మీదికి వచ్చేవి రెండున్నాయి. ఒకటి పెట్రోలు గొట్టాలు. గుడ్డ అల్లిన పాత రబ్బరు గొట్టం బయటికి బాగానే కనిపిస్తూ లోపల పగులుతుంది, క్లిప్పులు లేకుండా గుచ్చినవి వేడికి జారిపోతాయి, కార్బ్యురేటర్‌లో దిగ్గొట్టిన ఇత్తడి ముక్క వదులై ఊడివస్తుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు పడితే ఇక మిగిలేది బొగ్గే, అందులోనూ ఆ కేసు మెగ్నీషియం మిశ్రమ లోహం. ఎవరు ఏమి చెప్పినా సరే, కొన్న రోజే గొట్టాలన్నీ మార్చాలి. రెండోది హీటర్. ఈ బండ్లలో లోపలికి వచ్చే వేడిగాలి ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ ఉన్న పెట్టెల గుండా వస్తుంది. ఆ పెట్టెలు, లోపలి గొట్టాలు తుప్పుపట్టి చిల్లులు పడితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు. హీటర్ వేయగానే పొగ వాసన గానీ, తలనొప్పి గానీ వస్తే కిటికీలు దించి బండి ఆపేయండి.

ఏ బండి ఎంచుకోవాలో చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వ్యాను, బీటిల్ రెండింటిలోనూ 1600 ఇంజిన్ ఉండవచ్చు. బీటిల్ బరువు సుమారు 800 కిలోలు, వ్యాను ఖాళీగానే 1,200 కిలోలకు పైన. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు చేరిస్తే ఆ ఇంజిన్ రోజంతా ఊపిరి బిగబట్టి పనిచేయాలి. ఇద్దరే వెళ్తుంటే బీటిల్ తీసుకుని రాత్రికి బయట బస చేయండి. 2003 దాకా తయారైన బండి, మొత్తం రెండు కోట్ల పదిహేను లక్షలు తయారయ్యాయి, విడిభాగాలకు కరవు లేదు. వ్యానే కావాలంటే 1972 నుంచి వచ్చిన టైప్ 4 ఇంజిన్ ఉన్నది చూడండి. దానికి సరైన ఆయిల్ ఫిల్టర్ ఉంది, పాత ఇంజిన్‌కు ఉన్నది జల్లెడ మాత్రమే. సిట్రోయెన్ 2సీవీని చిన్నచూపు చూడకండి. 602 సీసీ, 29 హార్స్‌పవర్, అయినా కూలింగ్ ఫ్యాన్ నేరుగా క్రాంక్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది, తెగడానికి బెల్టు లేదు. తుప్పు పట్టిన ఛాసిస్ చూసుకుంటే చాలు. షెవర్లే కోర్వెయిర్‌లో ఫ్యాన్ బెల్టు లంబకోణంలో మలుపులు తిరుగుతుంది, అదనపు బెల్టు, దాన్ని మార్చడం తెలిసిన చేతులు రెండూ ఉండాలి. పోర్షె 911 కొనగలిగే స్తోమత ఉన్నవారు 1974–77 నాటి 2.7 లీటర్ల మెగ్నీషియం కేసు ఇంజిన్లను, హెడ్డును బిగించే స్టడ్లు మార్చిన ఆధారం లేకుండా ముట్టుకోవద్దు. 1978 నుంచి వచ్చిన అల్యూమినియం కేసు ఇంజిన్లు చాలా మేలు.

వ్యాను గానీ బీటిల్ గానీ పాత 1600 ఇంజిన్ ఉన్నది కొంటే ఒక్కటి గుర్తుంచుకోండి. బ్యాటరీ చార్జింగ్‌కు ఉండే ఎర్రలైటు నడుస్తుండగా వెలిగితే, తరువాతి ఊరిదాకా వెళదామనుకోకండి. జనరేటర్‌నూ ఫ్యాన్‌నూ తిప్పేది ఒకటే బెల్టు. అది తెగితే గాలి ఆగిపోయినట్టే.

వ్యాపారికి ఫోను చేసి విరిగిన వాల్వు, లేని రేకుల ఫోటోలు పంపాను. “యాభై ఏళ్ల బండి, ఏదైనా జరగవచ్చు” అన్నది జవాబు. కొత్త ఇంజిన్ అన్నారు కదా అంటే, “కొత్తగా చేసిన” అన్నామే గానీ ఏమేమి చేశామో చెప్పలేదన్నారు. నిజమే, చెప్పలేదు. అందుకే బయానా ఇచ్చేటప్పుడు కాగితం మీద ఈ మాటలే రాయించుకోండి: ఇంజిన్‌లో ఏ భాగాలు, ఏ తేదీన, ఎవరు మార్చారు, రేకులు, సీళ్లు, థర్మోస్టాట్ ఉన్నాయా లేవా, గంటసేపటి పరీక్షలో లోపం తేలితే బయానా వెనక్కి ఇస్తారా. ఆ వ్యాపారి ఇప్పుడు ఒక బీటిల్‌ను అమ్మకానికి పెట్టారు. ఫోటోలో ఇంజిన్ మీద అదే రకం క్రోము రేకు, హీటర్ గొట్టాల చోటు నున్నగా ఉంది. దాని కోసం ఎవరైనా మాట్లాడుతుంటే ముందుగా ఆ పుల్లీని లాగి చూడండి.