ముందు అవుట్‌లైనా, ముందు డ్రాఫ్టా?

వ్యాసం రాసే ముందు పాయింట్లు వేసుకోవాలా, లేక తోచింది రాసేసి తర్వాత సరిచేసుకోవాలా? డిగ్రీ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది.

పాయింట్లు వేసుకుంటే దారి తప్పరు, టైమూ కలిసొస్తుంది. కాకపోతే ఏం చెప్పాలో ముందే తేల్చుకున్నవాళ్లకే అది సాయపడుతుంది. తేల్చుకోనివాళ్లు వేసే అవుట్‌లైన్ ఎప్పుడూ ఒకటే: ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు.

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణాన్నే తీసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. లాభాల కింద ఇంటి ఖర్చు తగ్గడం, నష్టాల కింద ఆర్టీసీ మీద భారం, రద్దీ, ఆటోవాళ్ల గోడు, చివర్లో ‘సమర్థంగా అమలు చేయాలి’. తప్పేమీ లేదు, కానీ ఇందులో వాదన ఎక్కడ?

అదే అంశం మీద ఏమీ గీసుకోకుండా రెండు పేజీలు రాయమనండి. ఏ నాలుగో పేరాలోనో ‘మా ఊరికి సాయంత్రం బస్సే లేనప్పుడు టికెట్ ఫ్రీ అయితే ఏం లాభం?’ అని ఒక వాక్యం పడుతుంది. అదీ వాదన! దాన్ని మొదటి పేరాకు తెచ్చుకోవాలి. దానికి అతకని పేరాలు, ఎంత ముచ్చటగా ఉన్నా, కొట్టేయాలి. ఊరికి రోజుకు ఎన్ని ట్రిప్పులు, అవి కాలేజీ వేళకు ఉన్నాయా అని ఆరా తీయాలి. ‘రద్దీ పెరిగితే బస్సులూ పెరుగుతాయి కదా’ అనేవాళ్లకు జవాబు చెప్పాలి.

అవుట్‌లైన్ నిజంగా పనికొచ్చేది అప్పుడే. ప్రతి పేరా పక్కన అది చెప్పేదేమిటో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఆ పేరా మీకే తేలలేదన్నమాట. రెండింటికి ఒకే వాక్యం వస్తే ఒకటి తీసేయండి.

కాబట్టి నేర్చుకునేటప్పుడు నా ఓటు డ్రాఫ్టుకే. గైడ్లలోని మోడల్ వ్యాసాలు బట్టీ పడితే నాలుగు మాటలు అబ్బుతాయి, అంతే. ఏఐతో రాయించడం గురించి చెప్పడానికేమీ లేదు, అది మీ ప్రాక్టీసు కాదు.

పరీక్ష హాల్లో మాత్రం లెక్క వేరు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సేలో 3 గంటల్లో 3 వ్యాసాలు, 150 మార్కులు. తిరగరాసే తీరిక ఉండదు, పాయింట్లు వేసుకోవాల్సిందే. కాలేజీ అసైన్‌మెంట్‌కైనా డ్రాఫ్టుకూ తిరగరాతకూ మధ్య ఒక రాత్రి గడవాలి, రేపు సబ్మిషన్ అనగా కూర్చుంటే ఈ పద్ధతి కుదరదు.