రాగి ఒలవకముందే పోవాలి: నల్లగొండలో పాత టీవీల దుకాణం

ప్రకాశం బజార్ వెనక ఒక సందులో బోర్డు కూడా లేని తుక్కు దుకాణం ఇది. పగలు పెళ్లి వీడియోలు తీస్తాను, రాత్రిళ్లు పాత టీవీలు విప్పి వాటి మీద బొమ్మల్ని వంకరలు తిప్పుతాను. ఆ రెండో పనికి ఏడాదిగా సరుకంతా ఇక్కడిదే.

మొదట 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నాను, 350 రూపాయలు. దుకాణం నడిపే చాచా వెలిగించి చూపించాకే డబ్బు తీసుకున్నాడు. దానికి యాంటెన్నా సాకెట్ తప్ప ఇంకేం లేదు. "వీసీఆర్ వెనక సూడు, యాంటెన్నా అవుట్ ఉంటది" అంటూ మూల నుంచి టేపు తిరగని వీసీఆర్ ఒకటి లాగాడు. టేపు తిరగకున్నా, నా వీడియోను యాంటెన్నా సాకెట్ గుండా టీవీకి పంపేది ఆ వీసీఆరే. నాకు కావలసింది ఆ రంధ్రమే! టీవీ ఆపాక కూడా పిక్చర్ ట్యూబులో కరెంటు నిలిచే ఉంటుందని, స్క్రూడ్రైవర్‌కు వైరు కట్టి ఎర్త్ చేయడం కూడా చాచానే నేర్పాడు.

ఇంట్లో యోక్‌లోని (ట్యూబు మెడ మీద ఉండే రాగి చుట్టల్లోని), బొమ్మను పైకీ కిందకీ పరిచే నిలువు కాయిల్ వైర్లు ఊడదీస్తే బొమ్మంతా ఒక్క అడ్డగీతగా కుంచించుకుపోయింది. బ్రైట్‌నెస్ తగ్గించి, ఆ కాయిల్‌కు పాత ఆంప్లిఫైయర్ కలిపి, ఒక బారాత్‌లో రికార్డు చేసిన డప్పు వేశాను. దెబ్బ పడ్డప్పుడల్లా గీత ఎగిరిపడింది. ఆ రాత్రి నిద్ర పోలేదు.

తర్వాత 21 అంగుళాల కలర్ టీవీ, 600. 1965లో వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ టీవీ మీద పెద్ద అయస్కాంతం పెట్టినట్టు, నేను స్పీకర్ అయస్కాంతం ఆనించాను. పెళ్లికూతురి ఎర్ర చీర సగం ఆకుపచ్చ అయింది, అద్భుతం. కానీ అయస్కాంతం తీసినా మరక పోలేదు. కలర్ ట్యూబులో ఉండే ఇనుప జల్లెడకు అయస్కాంతం పడుతుంది. చల్లారాక ఆన్ చేస్తే డీగాస్ కాయిల్, అంటే ట్యూబు చుట్టూ ఉండే రాగి తీగ చుట్ట, దాన్ని చెరిపేయాలి. చెరపలేదు. విప్పి చూస్తే ట్యూబు చుట్టూ కాయిలే లేదు!

వెళ్లి అడిగితే, "అది లేకున్నా బొమ్మ వస్తది కద బిడ్డా. రాగి ధర ఎంతున్నదో ఎర్కనా?" అన్నాడు. పైసలు వాపసు ఇవ్వలేదు. అప్పుడే దిగిన ఇంకో టీవీలోంచి కాయిల్ తీసి, తూకం వేసి మరీ అమ్మాడు.

కోపం వచ్చింది గానీ సంగతి అర్థమైంది. మనకు పనికొచ్చే యోక్, కాయిళ్లే తుక్కు దుకాణంలో ముందు మాయమయ్యేవి. పల్లెల నుంచి ఆటోలు పొద్దున్నే వస్తాయి, మధ్యాహ్నానికల్లా పిల్లగాళ్లు రాగి ఒలిచేస్తారు. అందుకే తొమ్మిదికల్లా పోండి, వెనక మూత విప్పించి చూడండి. అడాప్టర్లు మాత్రం ఇక్కడ కొనొద్దు. నేను కొన్నది పది నిమిషాల్లో వాసన కొట్టింది.

ఇప్పుడు ఒక 29 అంగుళాల టీవీ పక్కన పెట్టించాను, కాయిల్‌తో సహా. చాచా 1,200 అంటున్నాడు, నేను 900 దగ్గరున్నాను.