అడ్డూలోని గాన్: యుద్ధకాలపు రన్‌వే మీద దిగి చూసిన దీవి

మాల్దీవులంటే నీళ్ల మీద విల్లాలు, హనీమూన్ ఫొటోలు అనుకునేవాళ్లను అడ్డూ వెళ్లమని నేను చెప్పను. రాజధాని మాలేకి దక్షిణంగా సుమారు 540 కిలోమీటర్ల దూరంలో, భూమధ్యరేఖ దాటాక వచ్చే చివరి దీవుల గుంపు ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి రహస్య స్థావరం, ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ (ఆర్‌ఏఎఫ్)కి మజిలీ. పాత యుద్ధాల కథలంటే కాస్త పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం ఇంతకంటే మంచి చోటు ఆ దేశంలో ఇంకోటి లేదు.

వెళ్లడం కష్టం కాదు, ఖర్చు. మనవాళ్లకి వీసా దిగాక ఉచితంగానే వేస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఇముగా అనే మాల్దీవుల ఇమిగ్రేషన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపుకుంటే చాలు. మాలే నుంచి గాన్‌కి చిన్న విమానంలో గంటన్నర లోపే, కానీ విదేశీయులకు టికెట్ ధర వేరు, స్థానికులకు వేరు. ఆ తేడా చూశాక కాస్త మంట పుడుతుంది. కిటికీ సీటు మాత్రం వదులుకోకండి. దిగేటప్పుడు రన్‌వే దాదాపు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా దీవిని ఆక్రమించేసి కనిపిస్తుంది. మిగతా గాన్ అంతా దాని పక్కన సర్దుకుని బతుకుతున్నట్టే ఉంటుంది.

ఇంత మూలకు వచ్చి స్థావరం ఎందుకు కట్టారంటే, మూల కాబట్టే. సింగపూర్, కొలంబో, ట్రింకోమలీ ఎక్కడున్నాయో జపాన్‌కి తెలుసు. పగడపు దిబ్బల మధ్య పెద్ద ఓడలు పట్టేంత లోతైన ఈ మడుగు సంగతి తెలియదు. 1941లో రాయల్ మెరైన్లు వచ్చి దీనికి ‘పోర్ట్ టీ’ అని మారుపేరు పెట్టి ఫిరంగులు, చమురు ట్యాంకులు, గాన్‌లో విమానాలు దిగేందుకు ఒక దారి ఏర్పాటు చేశారు. అప్పటికి శత్రువు జాడ లేదు, కానీ స్క్రబ్ టైఫస్ జ్వరం మనుషులను వరసపెట్టి మంచాన పడేసింది.

అసలు పరీక్ష 1942 ఏప్రిల్‌లో. బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిస్తున్న అడ్మిరల్ సోమర్విల్ శ్రీలంకకి దక్షిణంగా జపాన్ నౌకల కోసం కాచుక్కూర్చుని, ఎంతకీ రాకపోయేసరికి నీళ్లకి, చమురుకి అడ్డూ వచ్చేశాడు. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు పడ్డాయి. జపాన్‌వాళ్లు వెతుకుతున్న బ్రిటిష్ ప్రధాన నౌకాదళం అక్కడ లేకపోవడం వల్లే బతికిపోయింది. విడిగా వెళ్లిన డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లు మాత్రం ఆ రోజే మునిగిపోయాయి. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద పడిన బాంబులు కూడా ఈ దాడుల్లో భాగమే. మనకి వైజాగ్ బాంబుల కథ తెలుసు గానీ, అదే వారం ఈ మడుగులో ఏం జరిగిందో చెప్పేవాళ్లు తక్కువ.

ఇంత చరిత్ర ఉన్న చోట మ్యూజియం ఉంటుందనుకుని వెళ్తే నీరసం వస్తుంది. బోర్డులు తక్కువ, గైడ్లు అంతకంటే తక్కువ. చదువుకుని వెళ్లాలి, లేదా దీవిలో పెద్దవాళ్లతో మాట కలపాలి. నన్ను ఎక్కువసేపు ఆపింది యుద్ధ స్మారకం. అడ్డూలోనే ఉన్న హితధూ దీవి నుంచి తెచ్చిన పెద్ద ఫిరంగులు రెండు కాపలా కాస్తుంటాయి. ఇక్కడ పనిచేసిన దళాల పేర్లలో అప్పటి భారత సైన్యానికి చెందిన 13వ ఫ్రాంటియర్ ఫోర్స్ రైఫిల్స్, రాయల్ బాంబే సాపర్స్ అండ్ మైనర్స్ కనిపిస్తాయి. బ్రిటిష్ స్థావరం అని మనం అంటున్నదాంట్లో మనవాళ్ల చెమట ఎంతుందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ఎండలో ఆ ఫిరంగి మీద చెయ్యి వేశాను, వెంటనే తీసేశాను.

యుద్ధం అయ్యాక వదిలేసిన గాన్‌కి 1957లో ఆర్‌ఏఎఫ్ తిరిగొచ్చింది. సింగపూర్ వెళ్లే విమానాలు ఇక్కడ ఇంధనం నింపుకునేవి. మొదట కుదిరిన ఒప్పందం ఏడాదికి 2,000 పౌండ్ల అద్దెకి నూరేళ్ల లీజు! ఇబ్రహీం నాసిర్ ప్రధాని అయ్యాక దాన్ని తిరగదోడి, 1960లో ముప్పై ఏళ్లకి కుదించి, అభివృద్ధికి 7,50,000 పౌండ్లు ఇచ్చేలా ఒప్పించాడు. ఈ మధ్యలోనే, 1959లో, స్థావరం వల్ల పనులూ డబ్బూ చూసిన దక్షిణాది దీవులు మాలే మీద తిరగబడి సువదీవ్ రిపబ్లిక్ ప్రకటించుకున్నాయి. అది 1963 వరకే నిలిచింది, నాయకుడు అబ్దుల్లా అఫీఫ్ సీషెల్స్ వెళ్లిపోవాల్సి వచ్చింది. 1976లో ఆర్‌ఏఎఫ్ సర్దుకుపోయింది. మరుసటి ఏడాది ఆ స్థావరాన్ని అద్దెకిస్తే సోవియట్ యూనియన్ ఏడాదికి పది లక్షల డాలర్లిస్తామన్నా, అప్పటికి అధ్యక్షుడైన నాసిర్ ఒప్పుకోలేదు.

వీటన్నిటికంటే నాకు పట్టేసింది వేరే సంగతి. రన్‌వే కోసం గాన్ జనాన్ని పక్క దీవి ఫేధూకి పంపించారు. వాళ్లకి చోటివ్వడానికి ఫేధూ వాళ్లలో కొందరు మరధూకి జరిగారు. 1922లో పురావస్తు పరిశోధకుడు హెచ్.సి.పి. బెల్ పరిశీలించి నమోదు చేసిన బౌద్ధ స్తూపం శిథిలాలు కూడా విమానాశ్రయం కింద పోయాయి. స్మారకం దగ్గర వీటి ఊసు లేదు. ఉండాల్సింది.

బస విషయానికొస్తే రెండు దారులు. గాన్‌లోనే ఉండాలంటే పాత ఆర్‌ఏఎఫ్ క్వార్టర్లనే హోటల్‌గా మార్చిన ఈక్వేటర్ విలేజ్ ఉంది. వరసగా ఒకే పోలికలో గదులు, చుట్టూ చెట్లు. హంగులు వెతక్కండి, ఆ బ్యారక్ వాసనే దాని ప్రత్యేకత. రెండో దారి ఫేధూ, మరధూ, హితధూల్లోని గెస్ట్‌హౌస్‌లు. చవక, ఇంటి తిండి, ఊరి జనంతో పరిచయం. మేం దిగిన ఒక గెస్ట్‌హౌస్‌లో మనుషులు బంగారం గానీ ఏసీ రాత్రిళ్లు మొరాయించేది. పైగా బుక్ చేసినప్పుడు కనిపించని గ్రీన్ ట్యాక్స్, సర్వీస్ ఛార్జీ చివర్లో బిల్లులో ప్రత్యక్షమయ్యాయి. ముందే మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఊళ్లున్న దీవుల్లో మందు దొరకదు, బికినీలు కేటాయించిన బీచ్‌లోనే. శుక్రవారం మధ్యాహ్నం దాకా దుకాణాలు దాదాపు మూతే. డాలర్‌కి 15.42 రుఫియా అధికారిక రేటు, చిన్న కొట్లకి రుఫియా చేతిలో ఉంచుకోవడం మేలు.

తిండి బాగుంది, శాకాహారులకి మాత్రం కష్టకాలం. పొద్దున్నే ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపిన మస్ హుని, దాంతో రొషి అనే పల్చటి రొట్టె. నేనైతే రోజూ అదే తిన్నా.

తిరగడానికి సైకిలే సరైన బండి. గాన్ నుంచి హితధూ దాకా దీవులను కలుపుతూ సుమారు 14 కిలోమీటర్ల రోడ్డు ఉంది. దారంతా చదును, ఎత్తు అన్న మాటే లేదు, ఎండే శత్రువు. పొద్దున ఆరింటికి బయల్దేరితే హాయి. హితధూలో 2011 సార్క్ సదస్సు జరిగిన కన్వెన్షన్ సెంటర్ బయట నుంచి చూస్తే చాలు, ఉత్తర కొసన పక్షులు వాలే చిత్తడి నేలకి మాత్రం టైమ్ పెట్టుకోండి.

డైవింగ్ వస్తే బ్రిటిష్ లాయల్టీ తప్పనిసరి. ఈ చమురు ఓడది వింత జాతకం. 1942లో మడగాస్కర్ దగ్గర జపాన్ బుల్లి జలాంతర్గామి ముంచితే, తేల్చి అడ్డూకి తెచ్చి చమురు నిల్వకు వాడారు. 1944 మార్చి 9న జర్మన్ యూ-183 జలాంతర్గామి మడుగు బయటి నుంచే వలల సందులోంచి టార్పెడో వదిలి మళ్లీ కొట్టింది. చివరికి 1946లో బ్రిటిష్‌వాళ్లే ముంచేశారు. సుమారు 33 మీటర్ల లోతులో పడుకుని ఉంది, కాబట్టి స్నార్కెల్‌తో పని కాదు. నాకు డైవింగ్ రాదు, పడవలోనే కూర్చున్నా. మా తమ్ముడు పైకొచ్చి పగడాలు పట్టిన ఓడ గురించి ఆపకుండా చెప్పాడు. సర్టిఫికెట్ లేనివాళ్లు ఆ పడవ ఖర్చు మిగుల్చుకుని, ఇంకో రోజు సైకిల్ అద్దెకు తీసుకోవడం మంచిది.