మందారానికి పిండినల్లి: సబ్బు నీళ్లా, వేప నూనెనా, పురుగు మందా?

ఫిబ్రవరి దాటి ఎండలు ముదిరేసరికి డాబా మీద మొక్కలున్న ఇళ్లన్నిటా ఒకటే గోల. మందారం చిగుళ్లు ముడుచుకుపోతున్నాయి, మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి, ఆకు కాడ కొమ్మను కలిసే సందులో తెల్లటి పిండి పేరుకుంటోంది. వేలితో నలిపితే జిగటగా తగులుతుంది. అదే పిండినల్లి. పక్కింటావిడ సబ్బు నీళ్లు కొట్టమంటుంది, వాట్సాప్ గ్రూపులో వేప నూనె అంటారు, ఎరువుల షాపు అబ్బాయి ఏమీ అడక్కుండానే ఒక సీసా తీసి బల్ల మీద పెడతాడు.

కుండీల్లో నాలుగైదు మొక్కలు పెంచుకునే ఇంటికి నా ఓటు సబ్బు నీళ్లకే. వేప నూనెది రెండో స్థానం. పురుగు మందు దాకా వెళ్లాల్సిన అవసరం దాదాపు రాదు. అయితే సబ్బు నీళ్లు కొట్టినా పోలేదనేవాళ్లే ఎక్కువ కనబడతారు. వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు. ఎందుకు పోలేదో తెలియాలంటే ముందు ఆ పురుగు సంగతి చూడాలి.

ఏ మందైనా ఎందుకు ఓడిపోతుంది

పిండినల్లి ఒంటి మీద కనిపించే తెలుపంతా మైనమే. మామూలు నీళ్లు చల్లితే తడవకుండా జారిపోతాయి. మందారం మీద ఎక్కువగా కనిపించే గులాబీ రంగు పిండినల్లి తన వెనక ఒక మెత్తటి తెల్ల సంచి అల్లి అందులో వందల గుడ్లు పెడుతుంది. మీరు ఏం కొట్టినా ఆ సంచిలోకి సరిగా వెళ్లదు. వారం పది రోజుల్లో గుడ్లు పొదిగి, కంటికి ఆనీ ఆనని పిల్లలు బయటికి పాకుతాయి. వాటికి ఇంకా మైనం పట్టి ఉండదు. దెబ్బ గట్టిగా తగిలేది అప్పుడే. కాబట్టి ఆదివారం ఒకసారి కొట్టి హమ్మయ్య అనుకుంటే, పై ఆదివారానికి కొత్త సంతానం సిద్ధంగా ఉంటుంది. సబ్బైనా వేప నూనె అయినా వారానికోసారి చొప్పున మూడు నాలుగు వారాలు వదలకుండా కొట్టాల్సిందే.

రెండో కారణం చీమలు. పిండినల్లి రసం పీల్చి, మిగిలిన తీపిని జిగురుగా విసర్జిస్తుంది. కింది ఆకుల మీద ఆ జిగురు మెరుస్తుంటుంది, కొన్నాళ్లకు దాని మీద నల్లటి మసి పడుతుంది. చీమలు ఆ తీపి కోసమే వస్తాయి. వచ్చి ఊరుకోవు, పిండినల్లిని తినడానికి వచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయి, పిల్ల నల్లులను ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోస్తాయి కూడా. చీమల దారి మూయకుండా మందు కొడుతూ పోవడం దండగ. కాండం చుట్టూ రెండంగుళాల వెడల్పున టేపు చుట్టి, దాని మీద వాజిలిన్ మందంగా రాయండి. వాజిలిన్ బెరడుకు తగలకూడదు, టేపు మీదే ఉండాలి. గోడకో, గ్రిల్లుకో, పక్క మొక్కకో ఆనుకున్న కొమ్మలు కత్తిరించకపోతే చీమలు అటు నుంచి వస్తాయి. ఈ ఒక్క పని చేశాక సబ్బు నీళ్లే పనిచేయడం మొదలుపెడతాయి.

సబ్బు నీళ్లు

సబ్బు విషంతో చంపదు. మైనాన్ని కరిగించి, పురుగు పై పొరను దెబ్బతీస్తే లోపలి తేమ పోయి అది చస్తుంది. తడిసిన పురుగే చస్తుంది. ఆరిపోయాక సబ్బుకు ఏ శక్తీ ఉండదు. ఇది దాని లోపమూ, గుణమూ. రేపు పువ్వు మీద వాలే తేనెటీగకు దాని వల్ల ఏమీ కాదు.

లీటరు నీళ్లకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల లిక్విడ్ సోప్ చాలు. నర్సరీల్లో దొరికే పొటాషియం సబ్బు అయితే ఇంకా మంచిది. బట్టల పొడి మాత్రం వద్దు, అందులోని సోడా లేత ఆకుల అంచులను మాడ్చేస్తుంది. ముందు ఒక కొమ్మకు కొట్టి మర్నాటి దాకా చూసి, ఆకు బాగుంటేనే మొక్కంతా తడపండి.

చాలామంది పట్టించుకోని విషయం నీళ్లు. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఒంటికి రుద్దుకునేటప్పుడు మనకు తెలిసిన సంగతే, మొక్క దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం. తెట్టు కట్టిన సబ్బు పురుగును ఏమీ చేయదు, పైగా స్ప్రేయర్ నాజిల్‌ను మూసేస్తుంది. మున్సిపల్ కుళాయి నీళ్లు, లేదా పట్టి ఉంచిన వాన నీళ్లు వాడండి. వేసవిలో అయితే ఏసీ పైపు కింద బకెట్ పెడితే చాలు, ఆ నీళ్లలో ఉప్పులు ఉండవు కాబట్టి సబ్బు చక్కగా కలుస్తుంది. ఆర్‌ఓ మెషిన్ వదిలే వేస్ట్ నీళ్లు మాత్రం బోరు నీళ్ల కంటే ఘోరం.

కొట్టే పద్ధతి కూడా ముఖ్యమే. మొదట బాగా పట్టిన చివర్లను కత్తిరించి, పాలిథిన్ కవర్లో మూతి కట్టి చెత్తబండికి ఇచ్చేయండి. కంపోస్టు డబ్బాలో వేస్తే మళ్లీ తోటలోకే వస్తాయి. తర్వాత పైపు చివర బొటనవేలు అదిమి, ధారగా కొమ్మల సందుల్లోకి నీళ్లు కొట్టండి. ఉన్న పురుగుల్లో చాలా వంతు ఈ దెబ్బకే రాలిపోతాయి. ఆ తర్వాతే సబ్బు నీళ్లు, అదీ పొద్దు వాలాక, ఆకు అడుగున, మొగ్గ తొడిమ దగ్గర కారేదాకా. రెండు మూడు గంటలాగి మంచి నీళ్లతో కడిగేయండి.

వేప నూనె

వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగును అప్పటికప్పుడు చంపదు. దాని తిండి తగ్గిస్తుంది, కుబుసం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది. పిల్లలు పెద్దవి కాలేవు, పెద్దవి సరిగా గుడ్లు పెట్టలేవు. పొద్దున్న కొట్టి సాయంత్రానికి ఏమీ కాలేదే అనుకునేవాళ్లకు ఇది నచ్చదు. నిజానికి ఆకు మీద నిలిచే గుణంలో సబ్బు కంటే ఇదే మెరుగు. అయితే ఎండకు ఆ పదార్థం త్వరగా విరిగిపోతుంది, కొన్ని రోజులకు మించి పనిచేయదు.

కొనేటప్పుడే సగం మంది దెబ్బతింటారు. పూజా సామాన్ల షాపులో దీపానికని అమ్మే వేప నూనెలో వేరే నూనెలు, సెంటు కలిసి ఉండవచ్చు, అది మొక్కలకు కాదు. ఎరువుల షాపులో సీసా మీద పీపీఎం అంకె ఉంటుంది, అంటే పది లక్షల వంతుల్లో అజాడిరక్టిన్ ఎన్ని వంతులో చెప్పే లెక్క. 1500 పీపీఎం అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు, 10000 పీపీఎం అయితే 2 నుంచి 3. ఈ తేడా చూడకుండా అన్నిటికీ ఒకే చెంచా పోస్తే ఒకచోట మందు చాలదు, ఇంకోచోట ఆకు మాడుతుంది.

గానుగలో ఆడిన వేప నూనె తెచ్చుకుంటే అది నీళ్లలో కలవదు. ముందు గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో సబ్బు కలిపి, అందులో నూనె కొద్దికొద్దిగా పోస్తూ పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, అప్పుడు మిగతా నీళ్లు పోయాలి. పైన నూనె చుక్కలు తేలుతున్నాయంటే కలవలేదన్నమాట. అది అలాగే కొడితే చుక్క పడ్డచోటల్లా ఆకు కాలుతుంది. కలిపిన మందు ఆ పూటే వాడేయాలి.

మన వేసవిలో వేప నూనెతో అసలు చిక్కు వేడి. 35 డిగ్రీలు దాటిన రోజుల్లో నూనె పూత ఆకుకు మంచిది కాదు. అంటే పిండినల్లి విజృంభించే ఏప్రిల్, మే నెలల్లోనే దీనికి అనువు తక్కువ. అందుకే నేను దీన్ని చికిత్సకు కాక కాపలాకు వాడమంటాను: పురుగు తగ్గాక, జనవరి, ఫిబ్రవరిల్లోనూ వానాకాలం తెరిపి రోజుల్లోనూ పదిహేను రోజులకోసారి. వాసన భరించలేని ఇంట్లో ఈ మాట కూడా చెల్లదు, అది వేరే సంగతి.

పురుగు మందు

షాపులో ఎక్కువగా ఇచ్చేది ఇమిడాక్లోప్రిడ్. ఇది మొక్క రసంలోకి చేరుతుంది, ఆ రసం పీల్చిన పురుగు చస్తుంది. మైనం, సందులు, ఆకు అడుగు అన్న బాధ ఉండదు. పనిచేసే వేగంలో మిగతా రెండూ దీని దరిదాపుల్లోకి రావు, ఒప్పుకోవాల్సిందే.

కానీ ఆ రసమే పువ్వులోకీ వెళ్తుంది. మందారం మీదికి తేనెటీగలు, తేనెపిట్టలు వస్తాయి. తేనెటీగలకు ముప్పనే ఇమిడాక్లోప్రిడ్‌తో సహా ఇదే జాతి మందులు మూడింటిని ఆరుబయట వాడకుండా యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. అక్కడి చట్టం మన డాబాకు వర్తించదు సరే. మన మందారం ఆకుతో మనం ఏం చేస్తాం? నూరి తలకు పట్టిస్తాం, పువ్వు నూనెలో కాస్తాం, చిన్నపిల్లల జడలో పెడతాం. కుండీ మట్టిలో ఈ మందు పోస్తే నెలల తరబడి ఆ ఆకు, ఆ పువ్వు వాడుకోకూడదు. పక్కనే కరివేపాకు, పుదీన కుండీలుంటే ఇంకా టెన్షన్.

లెక్క కూడా చూడండి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ రకం (నీళ్లలో కలిసే ద్రవం, 17.8 శాతం మందు) లీటరు నీళ్లకు 0.3 మిల్లీలీటరు చాలు. నాలుగు కుండీలకు సిరంజితో కొలిచేంత. మిగిలిన సీసా ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంటుంది, అదీ పిల్లలు తిరిగే ఇంట్లో. పైగా ఇది అక్షింతల పురుగులనూ చంపుతుంది. శత్రువులు లేకపోయాక పిండినల్లి తిరిగొచ్చినప్పుడు రెట్టింపు జోరుగా వస్తుంది.

అన్నట్టు, అక్షింతల పురుగుల్లో ఒకటి ప్రత్యేకం. నల్లటి ఒళ్లు, నారింజ రంగు తల. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన రకం ఇది. దీని పిల్ల పురుగు ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలాగే ఉంటుంది. జనం దాన్నే ముందు నలిపేస్తారు. తేడా సులభం: పిండినల్లి కదిలీ కదలనట్టు ఉంటుంది, ఇది చురుగ్గా పరుగెడుతుంది, పోగులు పొడవు. ఈ పిల్ల పురుగు కనిపించిన కొమ్మను వదిలేయండి, సబ్బు కూడా కొట్టొద్దు. ఇలాంటి మిత్రుల సత్తా మనకు కొత్తేమీ కాదు. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడిన బొప్పాయి పిండినల్లి రైతులను మందులకు లొంగకుండా ఏడిపిస్తే, 2010లో పోర్టోరికో నుంచి తెప్పించి వదిలిన బుల్లి కందిరీగలు దాన్ని అదుపులోకి తెచ్చాయి.

మిగతా చిట్కాలు

కరోనా నాటి శానిటైజర్ సీసా ఇంట్లో మిగిలుంటే, ఇయర్‌బడ్ ముంచి ఒక్కొక్క పురుగునూ తుడవచ్చు. ఒక చిన్న మొక్క మీద పది పురుగులున్నప్పుడు దీన్ని మించింది లేదు, ఆరడుగుల చెట్టుకు మాత్రం ఓపిక చాలదు. వేపాకుతో చేసే నీమాస్త్రం పొలంలో, పెరట్లో బాగుంటుంది, ఆవు మూత్రం, పేడ కలిపింది మూడో అంతస్తు బాల్కనీలో కొడితే కింది ఫ్లాటు వాళ్లు ఊరుకోరు. పొగాకు కషాయం సహజమని చెబుతారు గానీ నికోటిన్ మనకూ విషమే, నేనైతే వద్దంటాను. లెకానిసీలియం అనే శిలీంధ్రపు పొడి లీటరుకు 5 గ్రాములు కలిపి కొట్టొచ్చు, తేమ ఉన్న వానాకాలంలో బాగా పనిచేస్తుంది, మే నెల ఎండల్లో డబ్బు దండగ.

మీ ఇంటికి ఏది?

తెలుపు ఒకటి రెండు కొమ్మలకే ఉంటే కత్తెర, నీళ్ల ధార, సబ్బు. మొక్కంతా పాకితే సగానికి కత్తిరించి, చీమల దారి మూసి, నాలుగు వారాలు సబ్బు. మందారం కత్తిరింపుకు భయపడే మొక్క కాదు, రెండు నెలల్లో కొత్త చిగురుతో గుబురుగా వస్తుంది. ఆ చిగురు దశలో యూరియా వంటివి వేయకండి. నత్రజని ఎక్కువైతే చిగురు మెత్తగా, రసంగా వస్తుంది, పిండినల్లికి కావలసింది అదే.

పురుగు మందుకు నేను ఒప్పుకునేది ఒక్క సందర్భంలో: తీసేయడానికి మనసొప్పని పాత చెట్టు, దాని ఆకూ పువ్వూ ఎవరూ వాడరు, సబ్బుతో నెల గడిచినా లొంగలేదు. అప్పుడు కూడా పూతను మొత్తం కోసేసి, గ్లవ్స్ వేసుకుని, గాలి లేని సాయంత్రం లేబుల్ మీదున్న మోతాదే. సీసా మీది త్రికోణం రంగు చూడండి: ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు ఉన్నది ఏదీ ఇంటికి తేవద్దు.

కుండీ మొక్కే అయి, వేర్ల దగ్గర కూడా తెల్లటి పిండి కనిపిస్తే ఇంకేమీ కొట్టకండి. ముద్ద మందారమో, రేక మందారమో నర్సరీలో కొత్తది కొనడానికయ్యే ఖర్చు, ఆ మందుల సీసాతో పోలిస్తే పెద్ద తేడా ఉండదు. పాత మొక్కను కవర్లో కట్టి పారేసి, మట్టిని నల్ల పాలిథిన్ కింద కొన్ని వారాలు ఎండనివ్వండి. కొత్త మొక్క కడియం ఊరి నర్సరీల నుంచి వచ్చినా, వీధి చివరి నర్సరీ నుంచి వచ్చినా మొదటి రెండు వారాలు మిగతా కుండీలకు దూరంగా పెట్టి, ఆకు కాడల సందులు రోజూ ఒకసారి చూడండి.